బండెక్కిన మా అమ్మాయి

నూట ఎనిమిది అంటే నాకు తెలిసింది అష్టోత్తరమే. పూలు తక్కువైతే రేకలు తుంపి సరిపెట్టడం, పొయ్యిమీద పాలు గుర్తొస్తే నామాలు గబగబా లాగించెయ్యడం, అంతవరకే నా పరిచయం. అందుకే మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, "అమ్మా, నేను 108లో చేరుతున్నా" అన్నప్పుడు ఏదో భజన మండలి కాబోలనుకున్నాను. అంబులెన్సు అని తెలిశాక నాకు నోట మాట రాలేదు.

"పెళ్ళివారు పిల్లేం చేస్తోందని అడిగితే బండెక్కి ఊరంతా తిరుగుతోందని చెప్పనా?" అన్నాను.

మావారు రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. కాచిగూడ స్టేషను కూతవేటు దూరంలో మా కాపురం. "నేనూ ముప్ఫై ఏళ్ళు బండెక్కే తిరిగాను. నాకు పిల్లనివ్వలేదూ?" అన్నారు, పేపరు దించకుండానే.

ఇంకేముంది, చేరింది. బేసిక్ శిక్షణ నడిచిన రోజుల్లో మా ఇంట్లో దిండు బతికి బట్టకట్టలేదు. గుండె ఆగిన మనిషికి రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలిట. 30 నొక్కులకి రెండుసార్లు ఊపిరి ఊదాలిట. మధ్యాహ్నం నేను కాస్త నడుం వాలిస్తే చాలు, "కదలకమ్మా, నువ్వు స్పృహ తప్పావు" అంటూ నన్ను పక్కకి దొర్లించేది. ఇంత చేసినా చుట్టాలతో మాత్రం "హాస్పిటల్లో పనిచేస్తోందండీ" అనే చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా, బండి ఆగేది అక్కడేగా!

ఏడాది తిరిగేసరికి అడ్వాన్స్‌డ్ కోర్సు చదువుతానంది. అది అయ్యాక పారామెడిక్‌ట.

"ఉన్న చదువు చాలదటే?"

"సరళీస్వరాలు వచ్చాయని కచేరీ చేస్తామా అమ్మా? ఇప్పుడు నేను రక్తం ఆపగలను, ఆక్సిజన్ పెట్టగలను, కాన్పు చెయ్యగలను. పై చదువైతే ఇంకా గట్టిగా వస్తుంది. నరానికి సూది ఎక్కించడం, ఈసీజీ చూడడం, డాక్టరు ఫోనులో చెప్పిన మందు తడబడకుండా ఇవ్వడం."

108 మొదలైంది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. ఇక్కడే 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి పారామెడిక్ శిక్షణ పెట్టారుట. అమెరికాలో పీటర్ సాఫర్ అనే డాక్టరుగారు 1966లో కూతుర్ని ఉబ్బసంతో పోగొట్టుకున్నారుట. మరుసటేడు పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు మొదలైతే, పనుల్లేని నల్లజాతి కుర్రాళ్ళని చేరదీసి ఈ విద్య నేర్పించారుట. ఇదంతా మా అమ్మాయి చెబుతుంటే ఆ తండ్రిని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఫీజు మాత్రం ఇవ్వనన్నాను. ఆ డబ్బు దాని పెళ్ళికి దాచింది మరి.

మొన్న కార్తీకమాసంలో తార్నాకలో మా అక్కయ్య ఇంటికెళ్ళాను. పొద్దున్నే ఇద్దరం యూనివర్సిటీలోకి నడకకి బయల్దేరాం. ఆర్ట్స్ కాలేజీ దాకా వచ్చామో లేదో, మా ముందు నడుస్తున్న పెద్దాయన తూలి, అలాగే కూలిపోయాడు. క్షణంలో జనం మూగారు. ఒకాయన చేతిలో తాళాలు పెట్టమంటాడు, ఇంకొకాయన ఆటో పిలవమంటాడు. ఒకావిడ సీసా మూత తీసి నోట్లో నీళ్ళు పొయ్యబోయింది.

"పొయ్యకండి! ఊపిరితిత్తుల్లోకి పోతాయి!"

ఆ అరుపు నాదేనని నాకు తర్వాత తెలిసింది. ఆయన రొమ్ము కదులుతోంది, ఊపిరి ఉంది. మా అమ్మాయి నన్ను దొర్లించినట్టే ఆయన్ని పక్కకి తిప్పాను. అక్కయ్య 108కి ఫోన్ చేసి, ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా అని గుర్తు చెప్పింది. అంతవరకే నాకొచ్చిన విద్య. ఆ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ తోచలేదు.

బండి వచ్చింది. అందులోంచి దిగిన పిల్లకి మా అమ్మాయి వయసే ఉంటుంది. ఆయన వేలు గుచ్చి చూసింది. షుగరు బాగా పడిపోయిందంది. ఫోనులో డాక్టరుతో మాట్లాడుతూనే నరం వెతికి సూది పెట్టి గ్లూకోజు ఎక్కించింది. చెయ్యి ఇసుమంత వణకలేదు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, "నా చెప్పులేవీ?" అన్నాడు. కార్తీక సోమవారం కదా, ఉపవాసం ఉన్నాడుట. ఇన్సులిన్ మాత్రం మానకుండా పొడుచుకున్నాడుట!

ఆయన్ని బండెక్కిస్తుంటే ఆ పిల్లని అడిగాను, "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా తల్లీ?"

"డ్యూటీ దిగాక తింటానాంటీ" అని నవ్వి తలుపు వేసుకుంది.

ఆ కూతకి ఎప్పుడూ నా గుండె దడదడలాడేది. ఆవేళ మాత్రం, ఎవరి కన్నబిడ్డో ఇంకెవరి ప్రాణమో మోసుకుపోతోందనిపించింది. ఇంటికి రాగానే చీరల అడుగునుంచి పాసుపుస్తకం తీసి అమ్మాయి చేతిలో పెట్టాను.

ఆ వారంలోనే ఒక సంబంధం వాళ్ళు ఫోన్ చేశారు. పెళ్ళికొడుకు తల్లే మాట్లాడింది. "అమ్మాయి ఏం చేస్తోందండీ?"

"108 బండిలో పనిచేస్తోందండీ. అడ్వాన్స్‌డ్ చదవబోతోంది. ఆపైన పారామెడిక్" అన్నాను, గొంతు తగ్గించకుండానే.

అవతల కాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత ఆవిడే గొంతు తగ్గించింది.

"మావారికి షుగరండీ. పిల్ల డ్యూటీలు రాత్రిళ్ళా, పగళ్ళా?"