మేనమామ మురిపెం తప్పు కాదు

కాలేజీలో చదివే మేనల్లుడికి ఫలానా విద్య అబ్బిందని ఒక మేనమామ నలుగురిలో చెప్పుకుంటే, సొంత డబ్బా అని తీసిపారేస్తాం. నేను ఒప్పుకోను. ర్యాంకు వస్తే కాలేజీలే ఊరంతా ఫ్లెక్సీలు కడతాయి. మార్కుల జాబితాలో చోటు దొరకని ప్రతిభ గురించి ముందుగా నోరు విప్పేది చాలాసార్లు బంధువులే. మన హైదరాబాద్ కుర్రాడు నీలకంఠ భానుప్రకాశ్‌నే తీసుకోండి. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో గణితం చదువుతూ 2020లో, 20 ఏళ్ల వయసులో, మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ మెంటల్ కాలిక్యులేషన్ పోటీలో స్వర్ణం గెలిచాడు. చిన్నప్పుడు ప్రమాదంలో తలకు గాయమై మంచాన ఉన్న రోజుల్లో పట్టుకున్న లెక్కలే అంతదూరం తీసుకెళ్లాయి. లెక్కలు చేసే ఆ వేగానికి ఏ సెమిస్టర్‌లోనూ మార్కులుండవు.

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉండగా మనసులో లెక్కలెందుకని అడుగుతారు. బైకులొచ్చాయని పరుగు పందేలు ఆగిపోలేదు కదా! పొగిడితే పిల్లలు చెడిపోతారన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. 1998లో అమెరికాలో మనస్తత్వవేత్తలు ముల్లర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలపై చేసిన ప్రయోగాల్లో, తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఒక్క వైఫల్యం ఎదురవగానే నీరుగారిపోయారు. శ్రమను మెచ్చుకున్నవాళ్లు పట్టు వదల్లేదు. అంటే చిక్కంతా దేన్ని మెచ్చుకుంటున్నామన్న దగ్గరే ఉంది. "పుట్టు మేధావి" అని ముద్ర వేసే సోషల్ మీడియా పోస్టు ఆ పిల్లాడి మీద బరువే పెడుతుంది. అదే, అష్టావధానం నేర్చుకుంటున్న అమ్మాయి సమస్యాపూరణకు ఎలా సాధన చేస్తోందో వాళ్ల పిన్ని వివరంగా రాస్తే, చదివిన ఇంకో ఇంట్లో ఎవరికో దారి కనబడుతుంది. అలాంటి గర్వం ఎంత రాసినా చదువుతాను, షేర్ కూడా చేస్తాను.