కాలువ నీళ్లకు కాటా ఏది?

ఆదోని వాళ్లకు కాటా గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పత్తి సీజన్లో మార్కెట్ యార్డుకు వెళ్తే చాలు... తూకంలో కిలో తేడా వచ్చినా రైతు ఊరుకోడు. అదే రైతు కాలువ గట్టు మీదికి వస్తే అక్కడ కాటా ఉండదు. నీటి అంచున నిలబెట్టిన ఒక పలక, దానిమీద అంకెలు. అంతే! దాని పేరు గేజి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు రావాల్సిన నీళ్ల లెక్కంతా ఆ పలక చుట్టూనే తిరుగుతుంది.

ఈ రెండు పట్టణాల మధ్య దూరం 30 కిలోమీటర్లు ఉంటుందేమో. ఒకటి పత్తి ఊరు, ఒకటి మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరు పేరు దేశమంతా తెలిసింది. రెండింటికీ ఉమ్మడి ఆధారం మాత్రం తుంగభద్ర దిగువ కాలువ. జనం నోట్లో ‘ఎల్లెల్సీ’. హోస్పేట దగ్గర డ్యాంలో బయల్దేరి, బళ్లారి జిల్లా దాటి, హాలహర్వి వైపు నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చి, మొత్తం మూడొందల కిలోమీటర్లకు పైగా పారుతుంది. అందులో సుమారు 250 కిలోమీటర్లు తుంగభద్ర బోర్డు చేతిలో ఉంటుంది. ఆ తర్వాతిది మన జలవనరుల శాఖది. కాగితం మీద ఈ కాలువ కింద ఆంధ్రకు 24 టీఎంసీలు, 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు. డ్యాంలోకి నీళ్లు తక్కువ వచ్చిన ఏడు వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది.

నీళ్లు వదిలిన వారం నుంచే టీ కొట్ల దగ్గర మాటలు మొదలవుతాయి. ‘పైన అన్ని క్యూసెక్కులు వదిలినారంట, మన తూముకు రాలేదే’ అని. ఎగువన మోటార్లు పెట్టారని, గట్టుకు గండి కొట్టారని ఆరోపణలు. అవి కొన్నిచోట్ల నిజమే కావచ్చు. కానీ దొంగను పట్టుకునే ముందు లెక్క సరిగ్గా ఉందా అని చూడాలి కదా!

గేజి చూపేది ఎత్తునే

గేజి నీటి ఎత్తును మాత్రమే చూపిస్తుంది. ఎన్ని నీళ్లు పారుతున్నాయో చూపించదు. ఇంత ఎత్తుకు ఇన్ని క్యూసెక్కులు అని ముందుగా కొలిచి తయారుచేసిన పట్టిక ఒకటి ఉంటుంది. లస్కరు గేజి చూసి అంకె చెబితే, ఆఫీసులో ఆ పట్టిక చూసి క్యూసెక్కులు రాస్తారు. పట్టిక తయారైననాడు కాలువ ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటే సరే. అడుగున పూడిక చేరినా, తుంగ, నాచు పెరిగినా నీళ్లు నెమ్మదిస్తాయి, మట్టం పెరుగుతుంది. దిగువన షట్టర్లు దించినా అంతే. నీళ్లు వెనక్కి ఎక్కి నిలుస్తాయి. గేజి మాత్రం దర్జాగా ఎక్కువ చూపిస్తుంది! పుస్తకంలో నీళ్లు నిండుగా ఉంటాయి, చివరి పొలంలో నేల నెర్రెలిచ్చి ఉంటుంది.

తేడా ఎంతుంటుందంటారా? మూడడుగుల లోతు పారే కాలువలో ఒక్క అంగుళం తప్పు చదివితే లెక్కలో నాలుగైదు శాతం తేడా వస్తుంది. వెయ్యి క్యూసెక్కుల ప్రవాహంలో అది దాదాపు 50 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు ఒక రోజంతా పారితే రెండెకరాల్లో అడుగు మందం నీళ్లు నిలుస్తాయి. అంటే అంగుళం తప్పుకు రోజుకు వందెకరాల అడుగు నీళ్లు! పై గేజి అంత ఎక్కువ, కింది గేజి అంత తక్కువ చూపిస్తే, చుక్క నీరు పోకుండానే వంద క్యూసెక్కులు ‘మాయం’. అందుకే చౌర్యం, ఇంకుడు, ఆవిరి, కొలత తప్పు... ఈ నాలుగూ కలిసిపోయి ఏది ఎంతో తేలదు.

డ్యాం లెక్క కూడా ఇలా మారిందే. కట్టిననాడు దాని సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. పూడిక చేరడంతో 2008 సర్వేలో అది 100.855 టీఎంసీలకు పడిపోయింది. 2016 సర్వేకు 105.788 అయింది. పూర్తి మట్టం మాత్రం ఎప్పుడూ అదే 1633 అడుగులు. సర్వే మారింది, నీళ్ల లెక్కా మారింది. ఆ అంకె మీదే రాష్ట్రాల వాటాలు ఆధారపడతాయి.

ఆవిరిదీ ఇదే గొడవ

ఆవిరి వాడే మిల్లుల్లో బాయిలరు మీటరుదీ ఇదే కథ. గొట్టం మధ్యలో చిన్న రంధ్రమున్న పళ్లెం బిగించి, దాని ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసి ఆవిరి ఎంత పోతోందో లెక్క కడతారు. పళ్లెం అంచు అరిగినా, తిరగేసి బిగించినా మీటరు తక్కువ చూపిస్తుంది. ఆవిరిలో తడి ఉన్నా లెక్క చెడుతుంది. పళ్లెం ముందు గొట్టం వంపు తిరిగి ఉన్నా నమ్మలేం. మెకానిక్కులు మీటరు మార్చే ముందు ఇవన్నీ చూస్తారు. కాలువలోనూ అంతే. గేజి పెట్టే చోట కాలువ తిన్నగా పారాలి, పక్కన మలుపూ తూమూ ఉండకూడదు.

మరి మార్గం? పట్టికను నమ్మి కూర్చోకుండా సీజన్లో నాలుగైదుసార్లు కరెంట్ మీటరుతో కొలవడమే. చిన్న గిన్నెలు తిరిగే ఆ పరికరాన్ని, పైనుంచి లోతులో పదింట ఆరో వంతు దగ్గర దించితే దాదాపు సగటు వేగం తెలుస్తుంది. అడ్డకోతను భాగాలు చేసి ఒక్కో భాగంలో ఇలా కొలిచి కూడతారు. బోర్డు మనిషి, రాష్ట్రం మనిషి ఒకే రోజు, ఒకే మీటరుతో కొలిస్తే సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి. ఉదయం ఆరింటికొకసారి చూసి రాసుకునే గేజి కూడా చాలదు. రాత్రి మట్టం ఎలా మారిందో దానికి తెలియదు.

మీటరు లేని రైతుకూ ఒక దారి ఉంది. తిన్నగా ఉన్నచోట గట్టు మీద వందడుగులు కొలిచి రెండు గుర్తులు పెట్టాలి. ఎండుపుల్ల వేసి, ఎన్ని సెకండ్లలో దాటిందో చూడాలి. 50 సెకండ్లు పడితే పైనీటి వేగం సెకనుకు రెండడుగులు. అడుగున నెమ్మదిగా పారుతుంది కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. అంటే 1.7. సగటు వెడల్పు 20 అడుగులు, లోతు 3 అడుగులైతే 60 చదరపు అడుగులు. 60ని 1.7తో గుణిస్తే 102 క్యూసెక్కులు. గాలి వీచే రోజున మాత్రం పుల్లను నమ్మకూడదు. నాలుగైదుసార్లు వేసి సగటు తీసుకుని, ఆ అంకెను లస్కరు పుస్తకంలోని అంకె పక్కన పెట్టి చూసుకోవచ్చు.