నాలుగు నెలల గడువు

జూన్ 9, 2025, సోమవారం

రైల్వే పోలీసులు ఇద్దర్ని తెచ్చారు. అన్నకి తొమ్మిది. చెల్లికి సెప్టెంబరులో ఆరు నిండుతాయట, అదీ వాడు చెప్పిందే. పలాస వైపు నుంచి వచ్చిన పాసింజర్‌ దిగి తెల్లవార్లూ విశాఖ స్టేషన్లోనే కూర్చున్నారు. ఇరవై నాలుగు గంటలు దాటకుండా మా బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చారు. ఆ మాత్రం పద్ధతిగా జరిగింది.

పేర్లు ఇక్కడ కూడా రాయను. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నా సొరుగుకీ వర్తిస్తుంది.

ఆర్డరుకి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆరేళ్ళ లోపు గనక పాప శిశుగృహకి. వాడు మగపిల్లల హోమ్‌కి. రెండు జీపులున్నాయని బయటికి వెళ్ళాకగానీ వాడికి తెలియలేదు. అరుపు లోపలికి వినిపించింది. తర్వాతి ఫైలు పిలిచారు.

జూన్ 11

రేపు బళ్ళు తెరుస్తారు. వాణ్ణి హోమ్ నుంచే బడికి పంపుతారట.

ఫైల్లో ‘బంధువుల చిరునామా: తెలియదు’ అని ఉంది. వాడు చెప్పాడు కదా! “అమ్మమ్మ మద్దిలపాలెంలో ఉంటాది. బస్సులు పడుకునే కాడ.” తొమ్మిదేళ్ళవాడు ఇంతకంటే ఎలా చెప్పాలి? నేనుండేదీ ఇక్కడే. డిపో గోడ పొడుగునా ఎన్ని సందులు, ఎన్ని అపార్ట్‌మెంట్లు. ఇటు ఇసుకతోట, అటు పిఠాపురం కాలనీ. అయినా వెతకలేనంత ఊరు కాదు.

వాడి మాట వాడి మాటగానే ఫైల్లో రాయమన్నాను. రాశారు.

జూన్ 20

తండ్రి ఫోన్లో దొరికాడు. గాజువాక వైపు కాంట్రాక్టు పని పోయాక పలాస వెళ్ళిపోయాడు. పిల్లల తల్లి పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళు. ఇంకో పెళ్ళి. “మీరే ఉంచీయండి మేడమ్” అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట.

చట్టం మొదటి మాట కుటుంబం. సంస్థ ఆఖరి దారి. చదవడానికి ఎంత బాగుంటుంది. ఏ కుటుంబం, మరి?

సిట్టింగ్ అయ్యాక కమిటీలో తోటి సభ్యుడు లాయరుగారు అన్నారు: పాపని దత్తతకి లీగల్లీ ఫ్రీ చేసే దారి చూద్దాం, ఐదేళ్ళ పిల్ల, ఆలస్యమైతే అడిగేవాళ్ళుండరు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా జాబితాలో ఏళ్ళ తరబడి చూస్తున్న దంపతులు ఎందరో. ఆయన తప్పు మాట్లాడటం లేదు. నాకూ అదే మేలనిపిస్తోంది. మంచి ఇల్లు, మంచి బడి, పిల్ల కోసమే ఎదురుచూసే అమ్మా నాన్నా.

వాడో? తోడబుట్టినవాళ్ళని విడదీయకూడదనే నియమం. తొమ్మిదేళ్ళవాణ్ణి కూడా కలిపి తీసుకునేదెవరు?

జూన్ 24

పదిహేను రోజులు ఇవాళ్టితో సరి. ఇంటి పరిస్థితుల దర్యాప్తు రిపోర్టు, ఫారం 22, రాలేదు. సోషల్ వర్కర్ని గట్టిగా అడగబోయి, ఆమె చేతిలో ఫైళ్ళ దొంతర చూసి ఊరుకున్నాను.

జూలై 5

అమ్మమ్మ దొరికింది!

డిపో ఎదురుగా టీ కొట్టు అబ్బాయి గుర్తుపట్టాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య. భర్త పోయాక ఆ కాపలా ఆమే కాస్తోంది. రెండు ఫ్లాట్లలో అంట్లు కూడా తోముతుంది. నేను కూరలకి నడిచే దారే.

ఆమె మొదటి మాట: “నాకెవలూ సెప్పనేదు తల్లీ. గుంటలు పలాసలోనే ఉన్నారనుకున్నాను.”

ఇదే వీధిలో ఉంటానని బెంచ్‌కి ముందే చెప్పేశాను. రేపెవరూ వేలెత్తి చూపకూడదు.

జూలై 11

రిపోర్టు వచ్చింది. ఇల్లు: మెట్ల కింద గది, ఎనిమిది బై పది. సొంతం కాదు. మరుగుదొడ్డి: ఉమ్మడి. ఆదాయం: ఏడాదికి 90,000. కుటుంబ సంబంధాలు: ‘సాధారణం’. సిఫార్సు: ‘పోషించే స్తోమత లేదు. సంస్థాగత సంరక్షణ కొనసాగించవచ్చు.’

మళ్ళీ మళ్ళీ చదివాను. పట్నంలో ఏడాది ఆదాయం 96,000 లోపుంటే పిల్లకి నెలకి 4,000 ఇచ్చి ఇంట్లోనే ఉంచమంటుంది కేంద్ర పథకం మిషన్ వాత్సల్య. పల్లెల్లో అయితే 72,000. ఆమెది 90,000. అంటే సాయానికి అర్హురాలు. ఆ తొంభై వేలే చివరి పేజీకొచ్చేసరికి పిల్లల్ని ఆపే కారణమైంది. ఒకే అంకె.

పేదరికాన్ని నిర్లక్ష్యం కింద రాసేస్తున్నాం. చెయ్యెత్తి కొట్టిన మనిషి గురించి, అన్నం పెట్టని మనిషి గురించి రాయాల్సిన గడిలో గది కొలతలు రాస్తున్నాం.

సంబంధాలు ‘సాధారణం’ అట. వాళ్ళమ్మ పోయిన ఏడాది పిల్లలిద్దరూ ఆమె దగ్గరే పెరిగారు. ఆ వాక్యం రిపోర్టులో లేదు. ఆమే చెప్పింది.

జూలై 19, శనివారం

హోమ్‌కి తనిఖీకి వెళ్ళాం. వాడు బక్కచిక్కాడా, నాకలా అనిపించిందా?

ఎక్కడుండాలనుందిరా అని అడిగాను. చాలాసేపు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. “సెల్లి ఏటి తింటంది?” అన్నాడు. నా ప్రశ్నకి జవాబు అదేనా? లేచేటప్పుడు ఇంకోసారి అడిగాను. “ఇద్దరం ఒక్కకాడ.”

ఫైల్లో రాయించాను. వాడి యాసలోనే.

జూలై 27

నిద్ర పట్టలేదు. 2020 గుర్తొస్తోంది. ఆ సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకి రాసింది, మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. హోముల్లోని పిల్లల్ని వంద రోజుల్లో ఇళ్ళకి పంపమని. దేశం మొత్తం మీద 2.56 లక్షల మంది ఉంటే ఈ ఎనిమిదింట్లోనే 1.84 లక్షలు. వంద రోజులు! కరోనాలో పనుల్లేని ఇళ్ళకి. డిసెంబరులో జస్టిస్ నాగేశ్వరరావుగారి బెంచ్, ఇళ్ళకి చేరిన పిల్లల చదువుకి నెలకి 2,000 ఇవ్వమన్నాక కొంచెం ఊపిరాడింది.

ఒకప్పుడు తొందరపడి పంపేయమన్నారు. ఇప్పుడు గది చిన్నదని ఆపమంటున్నారు. రెండింటిలోనూ పిల్లాణ్ణి అడిగినవాళ్ళు లేరు.

ఇంకా వెనక్కి వెళ్తే 1999, 2001. తండాల్లో పసిపిల్లల్ని కొని దత్తతకి పంపారన్న కేసులు. అప్పుడూ మాట ఒక్కటే, పేదవాళ్ళు పెంచలేరు, వేరే చోట బాగుంటారు. లాయరుగారు అలాంటివారు కాదు, నాకు తెలుసు. కానీ ఆ వాక్యం ఎంత సులువుగా నోటికొస్తుంది.

ఆగస్టు 23, శనివారం

శిశుగృహ విజిటర్ల రిజిస్టరు తెప్పించి చూశాం. జూలైలో అమ్మమ్మ సంతకం ఒక్కటే, వేలిముద్ర. “శ్రద్ధ ఉంటే రాదా?” అని ఒకరు. ఈ నెల పదిహేను తర్వాత పేజీలో వరుసగా వేలిముద్రలు. ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక ఆధార్ కార్డు చూపించి రెండు చోట్లకీ తిరుగుతోంది. వాడి దగ్గరికి పొద్దున, పాప దగ్గరికి మధ్యాహ్నం.

అంతకుముందు లేనిది శ్రద్ధ కాదు, ఛార్జీలు. ఇది బెంచ్ మీద చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు.

సెప్టెంబరు 11

పాపకి ఆరు నిండాయి. శిశుగృహలో ఉంచకూడదు. ఆడపిల్లల హోమ్‌కి మార్చాలని ఫైలు పెట్టారు. ఈ ఏడాది పలాస, శిశుగృహ, ఇప్పుడు ఇంకోటి. ఎన్ని మంచాలు, ఎంతమంది ఆయాలు ఆ పిల్లకి?

లాయరుగారు మళ్ళీ ఎత్తారు. “మనం అడ్డుపడకపోతే ఈ పిల్ల జీవితం మారిపోతుందమ్మా.” లీగల్లీ ఫ్రీ అనడానికి కనీసం ముగ్గురి సంతకాలు కావాలి. నా వైపు కాగితం జరిపారు. పెట్టలేదు. పిల్లలు కావాలని గుమ్మంలో నిలబడ్డ మనిషి ఉండగా వదిలేసిన బిడ్డ అని ఎలా రాస్తాం?

జూన్లో అయితే పెట్టేదాన్నేమో.

సెప్టెంబరు 20

మెట్ల కింద గదిలో పిల్లలుంటే అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకుంటారా? ఈ ప్రశ్న నిజమైనది, దాటెయ్యడానికి లేదు. ఆమెనే అడిగాం. ఇవాళ కాగితం పట్టుకొచ్చింది. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, పిల్లలిద్దరూ ఉండొచ్చని, పై అంతస్తులో ఖాళీగా ఉన్న స్టోర్ రూమ్ కూడా వాడుకోవచ్చని. ఆమె ఒక్కో తలుపూ కొట్టి అడిగిందట.

“నాకు సదువు రాదు తల్లీ, సరిగ్గా రాసేరో లేదో సూడు.”

సరిగ్గానే రాశారు.

అక్టోబరు 6, సోమవారం

తొమ్మిదికి నాలుగు నెలల గడువు తీరుతుంది. ఇవాళే తేల్చాం.

పిల్లలిద్దరూ అమ్మమ్మకి, పర్యవేక్షణతో. ఒక్కొక్కరికి నెలకి 4,000 స్పాన్సర్‌షిప్‌కి సిఫార్సు. దగ్గర్లోని జీవీఎంసీ బళ్ళో చేర్పించాలి. తండ్రి ఒప్పుకోలు వాంగ్మూలం జత. ముగ్గురం సంతకాలు పెట్టాం. ఒకరు సెలవు. లాయరుగారు విడిగా రాశారు: ఆమె వయసు 61, ఆమెకేమైనా అయితే ఈ పిల్లలు మళ్ళీ స్టేషన్‌కే వస్తారు, పర్యవేక్షణ కాగితం మీదే మిగిలిపోతే ఈ ఆర్డరు వాళ్ళకి హాని.

ఆయన రాసింది కొట్టిపారేయలేను. నా దగ్గర దానికి జవాబు లేదు. ఇంటికెళ్ళి చూసే మనిషి ఉంటేనే దానికి జవాబు.

ఈసారి ఒకే జీపు. వాడు పాప చెయ్యి వదల్లేదు, సీటు మీద చోటున్నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

నవంబరు 14, శుక్రవారం

బాలల దినోత్సవం. పొద్దున్నుంచి మీటింగులు, చాక్లెట్లు, గులాబీలు. ఒక వేదిక మీద నన్నూ మాట్లాడమన్నారు. రెండు నిమిషాల్లో ముగించాను.

సాయంత్రం ఆ వీధిలో ఆగాను. వాడు గేటు దగ్గర లెక్కలు చేసుకుంటున్నాడు. పాపకి జలుబు. అమ్మమ్మ మూడో ఫ్లాటు పని కూడా ఒప్పుకుంది, చీకటి పడేదాకా కిందికి రాదు. అదే భయం నాకు. ఆ డబ్బు వస్తే ఆ మూడో పని అక్కర్లేదు.

స్పాన్సర్‌షిప్ ఇంకా రాలేదు. ఆమోదించే కమిటీ ఈ ఫైలు మీద కూర్చోలేదట. రెండు నెలలవి, ఇద్దరివి, 16,000. నెలకోసారి చూసి రాయాల్సిన రిపోర్టు కూడా ఇంతవరకు ఫైల్లో లేదు. సోమవారం రెండింటి కోసం నేనే వెళ్తున్నాను, కాగితం తీసుకోకుండా రాను.