కొండదారికి పాత బండి

పాడేరు కొండల్లో కాఫీ తోట ఉన్న రైతుకు వానాకాలంలో ఫోర్ వీల్ డ్రైవ్ హంగు కాదు, అవసరం. కొత్తది కొనే స్తోమత లేకపోతే చూపు పాత డీజిల్ బండ్ల మీదికే పోతుంది. జిప్సీని తలచుకోని వాళ్లుండరు గానీ, అది పెట్రోలు బండి.

బురదలో గూర్ఖా బండికి సాటి తక్కువ. కానీ సామాన్లు, మెకానిక్కు దగ్గర్లో దొరకాలి కదా! అందుకే 2010లో వచ్చిన థార్‌లో 2.5 లీటర్ల సీఆర్‌డీఈ ఇంజను వైపే మొగ్గడం మేలు. 2015లో మార్పులు చేసిన మోడల్‌కైతే వెనక లాకింగ్ డిఫరెన్షియల్ కూడా ఉంది.

రంగు చూసి మురిసిపోకూడదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నడుస్తున్న ఇంజను ఆయిల్ మూత తీయగానే పొగ గుప్పుమంటే ఆ బేరం వదిలేయడమే. మట్టినేల మీద ఫోర్ వీల్ లివర్‌ను ‘ఫోర్ లో’లో వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో పక్కన నిలబడి చూడాలి. ఏళ్లుగా వాడని ఆ లివర్ బిగుసుకుపోవడం మామూలే. తారురోడ్డు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. మలుపులో గేర్లన్నీ పట్టేస్తాయి.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షల వల్ల ఢిల్లీ నుంచి చవకగా వచ్చేవీ ఉంటాయి. ధర ఊరిస్తుంది. ఎన్ఓసీ, రీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపాకే అసలు లెక్క తేలేది. పదిహేనేళ్లకు దగ్గరపడిన బండైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చు కూడా అందులో వేసుకోవాలి.