రీటేక్ లేని సీను

పెళ్లికి వీడియో అంటే ముచ్చట. అదే చావుకి వీడియో అంటే 'హవ్వ, ఇదెక్కడి చోద్యం!' అని బుగ్గలు నొక్కుకుంటాం. కానీ నిజం చెప్పండి, తారల అంతిమయాత్రలు మనం చూళ్ళేదూ? 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసేనాటికి మద్రాసులో టీవీ కేంద్రమే లేదు. అది 1975లో వచ్చింది. 1996 జనవరిలో ఎన్టీఆర్ పోయినప్పుడు మాత్రం ఊళ్లన్నీ టీవీలకి అతుక్కుపోయాయి. 2014 జనవరి 23న అన్నపూర్ణ స్టూడియోలో అక్కినేనికి జరిగిన వీడ్కోలూ, 2020 సెప్టెంబర్ 26న తామరైపాక్కంలో బాలుగారి అంత్యక్రియలూ ఇంట్లో కూచునే చూశాం. తారలకి తప్పుకానిది మామూలు మనుషులకి తప్పెలా అవుతుంది?

2021 మే నెలలో తెనాలిలో మా పెద్దమ్మ గుండెపోటుతో పోయింది. ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో. కరోనా రోజులు, రాలేని పరిస్థితి. పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్ణి పిలుద్దామంటే మా బాబాయ్ 'అశుభం, వద్దురా' అన్నాడు. 'అమ్మని చూడాలి బాబాయ్' అని అన్నయ్య ఫోన్లో ఏడ్చాక ఇంకేమీ అనలేదు. ఇక్కడ ఉదయం పది. అక్కడ ముందురోజు రాత్రి పదకొండున్నర. తలకొరివి నేను పెట్టాను. అన్నయ్య అక్కడ ఒంటరిగా చూశాడు.

ఆ కుర్రాడి పని గమనించాను. దూరంగా నిలబడి జూమ్‌తో తీశాడు. లైటు వేయలేదు. 'ఏడ్చేవాళ్ల మొహం అడక్కుండా తీయను సార్' అన్నాడు. సినిమాలో అయితే డైరెక్టరు 'కట్' అనగానే శవం లేచి కాఫీ తాగుతుంది. ఇక్కడ అలా కాదు కదా!

పెద్దకర్మ నాడు మరో పని చేశాడు. వచ్చినవాళ్లని ఒక్కొక్కరినే పక్క గదిలో కూచోబెట్టి, కాలర్‌కి చిన్న మైకు తగిలించి, 'అమ్మగారి గురించి ఏదైనా చెప్పండి' అన్నాడు. పాలు పోసే అతను చెప్పాడు: 2020 లాక్‌డౌన్‌లో తను రెండు నెలలు రాలేకపోయినా పెద్దమ్మ ఆ డబ్బులు లెక్కగట్టి ఇచ్చిందట. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు!

ఎడిటింగ్‌లో వయొలిన్లు కలుపుదామని ఎవరో సలహా ఇచ్చారు. అన్నయ్య ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో పంచొద్దనీ ముందే చెప్పాడు. శ్మశానం భాగం అతను మళ్లీ చూడలేదు. పాలతని మాటలు మాత్రం ఏటా తిథినాడు పిల్లలకి చూపిస్తాడు.

కాబట్టి మిత్రులారా, ఎవరింట్లోనైనా ఇలాంటి వీడియో తీయిస్తే వెక్కిరించకండి. తీయించేవాళ్లు మాత్రం ఎవరిని తీయాలి, ఎవరు చూడాలి అన్నది ముందే మాట్లాడుకోండి. ఇంకో మాట. ఆ వీడియోలో ఊరంతా మా పెద్దమ్మ గురించి మాట్లాడింది. పెద్దమ్మ గొంతు మాత్రం అందులో లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీ చేతిలో ఫోనుంది... ఇవాళే కాసేపు మాట్లాడించండి!