మా ఇంటి మందుల డబ్బా

మా ఫ్రిజ్ మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. కాదు, ఉండేది. దాన్నిండా ఎప్పటెప్పటివో మాత్రలు. జ్వరం తగ్గాక మిగిలినవి పారెయ్యడానికి మనసొప్పక దాచినవన్నమాట. డబ్బు పెట్టి కొన్నవి కదా!

మొన్న సంక్రాంతికి మా అత్తయ్యగారు భోగిమంట దగ్గర చాలాసేపు కూర్చున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, షుగరు కూడా ఉంది. కనుమనాటికి దగ్గు పట్టుకుంది. "డాక్టరెందుకే, ఆ డబ్బాలో ఏదో ఒకటి చూసివ్వు" అన్నారు. మా అబ్బాయికి పన్ను పీకించినప్పటి అమాక్సిసిలిన్ షీటులో నాలుగు మాత్రలు మిగిలున్నాయి. డేటు చూశాను, దాటలేదు. పొద్దునొకటి, రాత్రొకటి వేశాను. దగ్గు కాస్త నెమ్మదించినట్టే అనిపించింది. అయిదో రోజు రాత్రి ఒళ్ళంతా వణుకుతూ జ్వరం, ఆయాసం.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కిందిభాగం తెల్లగా కనబడింది. న్యుమోనియా అన్నారు. "ఇంట్లో యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అనడిగారు డాక్టరుగారు. మావారు "లేదండీ" అనేశారు. ఆయనకి తెలీదు పాపం. నేను నోరు విప్పేలోపే అత్తయ్యగారు ఆయాసపడుతూనే, "మా కోడలిచ్చిందండీ. బంగారుతల్లి, మంచం దిగనివ్వకుండా చూసుకుంది" అన్నారు. ఆ మెచ్చుకోలు వింటుంటే భూమిలోకి కుంగిపోయినట్టయింది నాకు.

డాక్టరుగారు కోప్పడలేదు. ఏ మందో, ఎన్నో అడిగి రాసుకున్నారు. ముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో ఒక్కోసారి క్రిమి పెరగదట. అప్పుడు శత్రువెవరో తెలియకుండానే మందు వాడాలి.

ఇంజెక్షన్ కంటే ముందు కళ్ళె తీయాలని నర్సమ్మ డబ్బా ఇచ్చింది. అత్తయ్యగారు ఇచ్చింది ల్యాబు వాళ్ళు తిప్పి పంపేశారు. "ఇది ఉమ్మి, నోట్లో క్రిములే వస్తాయి" అన్నారు. ఈసారి నీళ్ళతో నోరు పుక్కిలింపించి, గట్టిగా ఊపిరి పీల్పించి, గుండెల లోపల్నుంచి దగ్గమంటే వచ్చింది, పచ్చగా, చిక్కగా. అది ల్యాబుకి వెళ్ళగానే సెఫ్‌ట్రియాక్సోన్ మొదలెట్టారు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా మనిషి ఆగలేదుగా.

ల్యాబులో అమ్మాయిని అడిగితే ఓపిగ్గా చెప్పింది. చిన్న సాసరులాంటి పళ్ళెంలో ఆ క్రిమిని పరిచి, మందు అద్దిన బొట్టుబిళ్ళల్లాంటి కాగితాలు దూరదూరంగా పెడతారట. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాన్ని కొలిచి, పనిచేస్తే ఎస్ అని, చేయకపోతే ఆర్ అని రాస్తారు.

మూడో రోజుకీ జ్వరం దిగలేదు. రిపోర్టొచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే. యాంపిసిలిన్ ఎదురుగా ఆర్. అది నేనిచ్చిన అమాక్సిసిలిన్‌కి సొంత అక్కచెల్లెలులాంటిది. ఈ క్రిమికి ఆ మందుల్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందట. సెఫ్‌ట్రియాక్సోన్ ఎదురుగానూ ఆర్! మెరోపెనమ్‌కి ఎస్. ఆ సాయంత్రమే మందు మార్చారు. రెండ్రోజులకి జ్వరం దిగి, "కాస్త మిరియాల చారు పెట్టవే" అన్నారు. బాత్రూములోకెళ్ళి ఏడ్చేశాను.

డిశ్చార్జి రోజున డాక్టరుగారిని అడిగేశాను, నా మాత్రల వల్లే మందు పనిచేయలేదా అని. "ఆ నాలుగు మాత్రల వల్లేనని చెప్పలేమమ్మా. అందరూ ఏళ్ళ తరబడి ఇలా వాడగా తయారైనవివి. కానీ అవి చూసుకుని మీరు రావడం ఆలస్యం చేశారు, అది మాత్రం నిజం" అన్నారు.

ఇంటికి రాగానే డబ్బా బోర్లించాను. చాలా షీట్ల మీద నిలువుగా ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దానర్థం. 2016లో ప్రభుత్వం దాని మీద ప్రచారం కూడా చేసిందట. ఇన్నేళ్ళుగా ఆ గీత చూస్తూనే ఉన్నాను, డిజైననుకున్నాను!

ఇప్పుడా డబ్బాలో జంతికలున్నాయి. అత్తయ్యగారు మాత్రం, ఎవరు దగ్గినా సరే, "కల్చరు చేయించారా?" అని పలకరిస్తున్నారు.