వంటలక్క చేతి కూడు

ఈ వారం జాషువా మీద రాస్తానన్నాను. అది వచ్చే వారానికి జరుపుతున్నా. ఈసారి టీవీ సీరియల్ గురించి. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాడికి ‘కార్తీకదీపం’తో ఏం పని అని మా స్టాఫ్‌రూములో ఒకాయన ఇప్పటికే అనేశాడు. మీరూ నవ్వుకోండి, పర్లేదు.

నేను పెద్ద టీవీ మనిషిని కాదు. పండక్కో సెలవులకో ఇంటికి పోయినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చూసిందే. అందుకని ఏ కథా నాకు మొదట్నుంచీ చివరిదాకా తెలియదు. మధ్యలో వెళ్ళి మధ్యలో లేచొచ్చే బాపతు. సీరియల్‌కి అది చాలు. ఆరు నెలల తర్వాత వెళ్ళినా డాక్టర్ బాబు అదే ఇంట్లో అదే అనుమానంతో తిరుగుతా ఉంటాడు.

చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. 1,500 పైచిలుకు ఎపిసోడ్లు. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’కి తెలుగు రూపం. దీప నల్లటి పిల్ల. డాక్టర్ కార్తీక్ ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. అత్త సౌందర్యకి నలుపంటే గిట్టదు. మోనిత ఆడిన అబద్ధం నమ్మి కార్తీక్ పెళ్ళాన్ని అనుమానిస్తాడు. దీప ఇల్లొదిలి వచ్చి, బస్తీలో వంట చేసుకుంటూ కూతుర్ని పెంచుకుంటుంది. కవలల్లో ఇంకో పిల్ల, తల్లెవరో తెలియకుండా ఆ పెద్దింట్లోనే పెరుగుతుంది. దీపని అందరూ వంటలక్క అంటారు.

అమ్మకి ఈ సీరియల్ ప్రాణం. రాత్రి ఏడున్నరకి మా మాదిగపల్లెలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఒక్క డైలాగు కూడా మిస్సవకుండా వినొచ్చు. బుధవారం ప్రార్థన కూటం కూడా ఏడుంపావుకల్లా ఆమెన్ అయిపోయేది.

మన ఉద్యమ మిత్రులకి సీరియళ్ళంటే చిన్నచూపు. ఆడవాళ్ళని ఏడిపిస్తాయి, అత్తాకోడళ్ళని కొట్టుకు చావమంటాయి, తాళి మహిమలు చెబుతాయి. అన్నీ నిజమే. కానీ ఆ టీవీ ముందు కూర్చున్న మనిషి ఏం చూస్తోందో మనం అడగం. నేను అడిగాను. “ఆ పిల్ల వాళ్ళ గడప మళ్ళీ తొక్కలా, చూశావా? రెక్కలు ముక్కలు చేసుకుని బతుకుతా ఉంది. తప్పు చేసినోడే రావాల” అంది. ఆత్మగౌరవం అని మనం బ్యానర్ల మీద రాసుకుంటాం. అమ్మకి ఆ మాట అవసరం పడలేదు.

ఇంకో సంగతి. మా అమ్మ కూడా వంటలక్కే.

పిల్లలకి బళ్ళో వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. డ్వాక్రా గ్రూపు తరఫున మా అమ్మా, ఇంకొకామే ఊరి ప్రాథమిక పాఠశాలలో పొయ్యి వెలిగించారు. చెల్లి అప్పుడు మూడో తరగతి. మొదటి వారం పిల్లలంతా లైనులో నిలబడ్డారు. రెండో వారానికి ఊళ్ళోవాళ్ళ పిల్లల చేతుల్లో క్యారేజీలు దిగాయి. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. గొడవ లేదు. “మావాడికి కారం పడదు.” “మా పాపకి ముతక బియ్యం అరగదు.” నేరమంతా పిల్లల పేగుల మీదకి తోసేశారు గానీ, కులం మాట ఒక్కళ్ళ నోటి నుంచీ రాలేదు.

గుడ్డు పెట్టే రోజు మాత్రం క్యారేజీ పిల్లలూ లైనులోకి వచ్చేవాళ్ళట. అన్నం వద్దు, గుడ్డు ఒక్కటే ఇవ్వమని.

ఈ సంగతి అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. టీవీలో దీప ఎవరికో వడ్డిస్తోంది అప్పుడు. గుడ్డు మాత్రం ఎందుకమ్మా అన్నాను. “దానికి పెంకు ఉంటది కదరా. వండినోళ్ళ చెయ్యి లోపలికి తగలదు” అంది. అని నవ్వింది. మైల మీద, మడి మీద నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. ఏ పుస్తకంలోనూ ఈ పెంకు లేదు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఆ లెక్క ఎవరు నేర్పి పంపారో, ఏ మాటల్లో నేర్పారో, అది ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంది.

విద్యార్థులు ఒక తేదీ రాసిపెట్టుకోండి. 2004 ఏప్రిల్ 20. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిన రోజు. మీ మండలంలో ఎన్ని బళ్ళలో అది జరిగిందో వెళ్ళి చూడండి. ఆ ఆదేశం వచ్చిన పదిహేడేళ్ళకి, 2021 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో దళిత స్త్రీ వండిన అన్నం తినమని అగ్రకులాల పిల్లలు కూర్చున్నారు. నియామకం పద్ధతిగా జరగలేదని చెప్పి ఆమెని తీసేశారు. దేశమంతా తెలిసి అల్లరయ్యాక మళ్ళీ తీసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లో ఇక్కడ తెలుగు ఇళ్ళు వంటలక్క కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ సీరియల్‌లో వంటలక్క చేతి కూడు అందరూ ఎట్లా తింటున్నారు?

పెద్దింటి పిల్ల హిమ ఆ వంట కోసం పడి చస్తుంది. నువ్వెవరమ్మాయ్ అని అడిగేవాళ్ళు లేరు. మా ప్రాంతంలో కొత్త మనిషి బడ్డీకొట్టు ముందు నిలబడితే ఏ ఊరు అన్నది మొదటి ప్రశ్న, ఎవరోళ్ళు అన్నది రెండోది. దీప కులమేంటో నేను చూసిన ఎపిసోడ్లలో ఎవరూ అనలేదు. అనక్కర్లేకుండా రంగు పెట్టారు. నలుపు ఇచ్చారు, బస్తీ ఇచ్చారు, వంట పని ఇచ్చారు, శీలం మీద నింద ఇచ్చారు, గడప బయట నిలబెట్టారు. కులానికి కావాల్సిన సరంజామా మొత్తం ఉంది, కులం ఒక్కటే లేదు.

ఆ రంగు కూడా పూసిందే. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ అంత నలుపు మనిషి కాదు. షూటింగ్ అయ్యాక మొహం కడుక్కుంటే పోయే నలుపు. సౌందర్య మనసూ అంతే, కొన్నాళ్ళకి మారింది, కోడలి పక్కన నిలబడింది. రంగు మీద ఏవగింపు అట్లా మారొచ్చు. అది ఒక అత్తగారి చాదస్తం. కులమైతే అత్త ఒక్కతి మారితే ఏమవుతుంది? పురోహితుడు మారాలి, వియ్యంకులు మారాలి, పక్కింటివాళ్ళు మారాలి, ఆ ఇంట్లో ఎవరన్నా పోతే పాడె మోసే నలుగురూ మారాలి. దానికి 1,500 ఎపిసోడ్లు చాలవు.

ఇంత చెప్పి, ఒకసారి అమ్మని ఊరికే కదిలించాను. దీప ఎవరోళ్ళు అమ్మా అని.

“ఎవరేంది? మన పిల్లే. పెద్దోళ్ళ పిల్లైతే అన్ని మాటలు పడతదా?”

కులం రాయకుండా ఖాళీగా వదిలిన చోట మా అమ్మ తన కులం రాసుకుంది. రచయితలు అది అనుకుని ఉండరు. ఊళ్ళో వేరే బజార్ల ఆడవాళ్ళు కూడా ఆ ఖాళీలో తమ తమ కులం రాసుకునే ఉంటారు. దీప మాదిగ పిల్ల అని ఒక్క ఎపిసోడ్‌లో, ఒక్కసారి చెప్పి ఉంటే? మా పల్లెలో వాల్యూం పెరిగేది. మిగతా బజార్లలో రిమోట్ ఎటు తిరిగేదో మీకూ తెలుసు, ఛానల్‌వాళ్ళకీ తెలుసు.

నా సొంత ఇష్టం అడిగితే మాత్రం ‘అమృతం’. 2001లో జెమినీలో మొదలైంది. ఆదివారం రాత్రి పల్లెలో టీవీ ఉన్న ఇంటి ముందు పిల్లలమంతా గుమిగూడేవాళ్ళం. అమృతరావు, ఆంజనేయులు, వాళ్ళ దిక్కుమాలిన అమృత విలాస్ హోటల్. ఎవడో వచ్చి టిఫిన్ బాలేదని తిడతాడు, గుండు హనుమంతరావు మొహం పెడతాడు, మేం పొర్లి పొర్లి నవ్వేవాళ్ళం. అదే రోజుల్లో మా ఊరి హోటల్లో మా గ్లాసులు చూరు కింద విడిగా ఉండేవి. తాగి, కడిగి, బోర్లించి రావాలి. అమృత విలాస్‌లో టీ ఎంత దరిద్రంగా ఉన్నా గ్లాసు ఒకటే. ఆ హోటల్ ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాలని ఉండేది నాకు.

హిందీలో, ఓటీటీలో, ఈ మధ్య కులం పేరు పెట్టి చెబుతున్నారు. 2023లో వచ్చిన ‘దహాడ్’లో ఎస్సై అంజలీ భాటీ స్టేషన్లో నడిచి వెళ్తుంటే తోటి ఉద్యోగి ఒకడు అగరొత్తి వెలిగిస్తాడు. తిట్టు లేదు, మాట లేదు. పొగ ఒక్కటే. ఆమె అసలు ఇంటిపేరు మేఘవాల్ అని తర్వాత తెలుస్తుంది. నేను ఆ అగరొత్తి సీను ఆపి మళ్ళీ చూశాను. మా బడి గుడ్డు పెంకూ అదీ ఒక జాతివే. అదే ఏడాది ‘మేడ్ ఇన్ హెవెన్’లో నీరజ్ ఘైవాన్ తీసిన ఎపిసోడ్‌లో రాధికా ఆప్టే బౌద్ధ పద్ధతిలో పెళ్ళి చేసుకుంటుంది. మా హాస్టల్ అమ్మాయిలు నలుగురు కలిసి ఒకే ఫోనులో చూసి ఏడ్చారు. బాగుంది. కానీ అది నెల నెలా డబ్బు కట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒంటరిగా చూసేవాళ్ళ కోసం. ఏడున్నరకి ఇంటిల్లిపాదీ కూర్చునే చోట ఆ అగరొత్తి ఇంకా వెలగలేదు. నా తగువంతా అక్కడే.

మా బళ్ళో ఇప్పుడు క్యారేజీలు లేవు. కులం పోయిందనుకునేరు. కాన్వెంటు బస్సు వచ్చింది. ఊళ్ళోవాళ్ళ పిల్లలు అందులో పోతున్నారు, బడిలో మిగిలింది మా పల్లె పిల్లలూ, ఎస్టీ కాలనీ పిల్లలూ. లైను చిన్నదైంది, అందరూ తింటున్నారు. అమ్మ ఇంకా వండుతూనే ఉంది. ఏళ్ళ తరబడి నెలకి వెయ్యి రూపాయలు, 2019 తర్వాత మూడు వేలు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. ఆమె మీద నాకేం ఫిర్యాదు లేదు.

బడికి కొత్త పేరుతో కాగితం వచ్చిన రోజు అమ్మ ఫోన్ చేసింది.

“ఈ సీతమ్మ ఎవరు నాయనా? ఆమె కూడా వంటలక్కేనా?”

“అట్లాంటిదే అమ్మా. పాతకాలం మనిషి. ఎంతోమందికి వండి పెట్టింది.”

“ఎవరోళ్ళు?”

చెప్పాను.

“అయితే అందరూ తినుంటార్లే” అంది. సీరియల్ టైమైందని పెట్టేసింది.